శీతసముద్రములు ఏల పండును? గోదావరి తీరమునుండి ఒక వివరణము

ఈ వ్యాసమునకు మూలము ఒక విద్యార్థిని ప్రశ్నయు, దానికి నేను చెప్పిన తప్పు సమాధానమును.

వర్షకాలమున గోదావరికి వరద వచ్చినపుడు నాందేడు ఘాటుల మెట్లు ఒక్కొక్కటిగా మునుగును. మరాఠ్వాడా చేలలోని మట్టిని కలుపుకొని నది చిక్కని మట్టిరంగుతో పారును. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి వరదను చూచి వచ్చిన తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మరునాడు లేచి, "సార్, మన చేన్ల మట్టంత నీళ్లల్ల కొట్టుకపోతున్నది. మరి సముద్రం బాగ పండాలె గదా?" అని అడిగినది. "పండకేమి! అందులోను మనది వెచ్చని సముద్రము, ఎండకు లోటు లేదు" అని చెప్పి పాఠము ముందుకు నడపితిని. ఆ బాలిక నమ్మినది. నేనును నమ్మియే చెప్పితిని.

నేను తెలుగు బోధించువాడను. సముద్రశాస్త్రము నా విద్య కాదు. పిదప చదువగా తెలిసిన దేమనగా, గోదావరి కలియు బంగాళాఖాతము, అరేబియా సముద్రముతో పోల్చినపుడు, జీవోత్పాదనమున బీదది. మఱియొకవైపు మంచుగడ్డలు తేలు సముద్రములు అనేకము వసంత గ్రీష్మములందు పచ్చికబయళ్లవలె పండుచున్నవి. తిమింగిలములు వేల కిలోమీటర్లు ఈదుకొని మేతకు పోవునది అక్కడికే. తెలుగున అడిగిన ప్రశ్నకు తెలుగుననే సరియైన సమాధానము చెప్పలేనినాడు తెలుగు బడి యుండియు లేనట్లే. ఆ లోపమును దిద్దుకొనుటకే ఈ ప్రయత్నము.

సముద్రపు పైరు

భూమిపై ఆహారమునకు మూలము పచ్చని ఆకు. సముద్రమునను అంతే, కాని అక్కడి పచ్చదనము కంటికి ఆనదు. నీటి పైపొరలో తేలియాడు ఏకకణజీవులు కోటానుకోట్లు కలవు. వీనిని వృక్షప్లవకములందురు. ఇవి పత్రహరితముతో సూర్యకాంతిని గ్రహించి, నీటిలో కరగిన బొగ్గుపులుసు వాయువునుండి తమ దేహమును నిర్మించుకొనును. వీనిని చిన్న జంతుప్లవకములు మేయును. వానిని చేపలు, చేపలను పెద్దచేపలు, పక్షులు, సీళ్లు తినును. భూగోళమున జరుగు కిరణజన్య సంయోగక్రియలో ఇంచుమించు సగము సముద్రములందే జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఒక నియతకాలమున ఒక నియతప్రదేశమున ఈ సూక్ష్మసస్యము ఎంత పెరుగునో దానినే ఆ సముద్రముయొక్క జీవోత్పాదన అందురు.

ఈ పైరునకు కావలసినవి ప్రధానముగ రెండు: వెలుగు, ఎరువు. ఎరువనగా నీటిలో కరగియున్న నత్రజని, భాస్వర లవణములు. డయాటములను జాతికి పెంకు కట్టుకొనుటకు సిలికా. వీనితోపాటు లేశమాత్రముగ ఇనుము. ప్లవకముల దేహమున కర్బనపు పరమాణువులు 106 ఉన్నచో, నత్రజని 16, భాస్వరము 1 చొప్పున ఉండునని అమెరికా శాస్త్రజ్ఞుడు రెడ్‌ఫీల్డు 1934 నుండి చేసిన పరిశీలనల వలన తేలినది. వీనిలో ఏ ఒక్కటి కొఱవడినను తక్కినవి ఎంతయున్నను ప్రయోజనము లేదు. రవ్వ యెంత యున్నను ఉప్పు లేనిచో ఉప్మా కాదు గదా! రైతులు ఎరిగిన ఈ సూత్రమును పందొమ్మిదవ శతాబ్దమున జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారము చేసెను. ఏది అతితక్కువగ నున్నదో అదియే పంటకు హద్దు నిర్ణయించును.

పైన వెలుగు, క్రింద ఎరువు

సముద్రమున చిక్కు ఎక్కడ నున్నదనగా, వెలుగు పైనుండి వచ్చును, ఎరువు క్రింద నుండును. అతిస్వచ్ఛమైన మహాసముద్రజలమునందు కూడ 100 నుండి 150 మీటర్ల లోతునకు పోవుసరికి పైకాంతిలో నూటికి ఒక వంతు మాత్రమే మిగులును. బురదనీటిలో ఒకటి రెండు మీటర్లకే చీకటి పడును. కావున సముద్రపు పైరంతయు ఈ పలుచని వెలుగుపొరలోనే పెరుగవలెను.

అక్కడ పెరిగిన ప్లవకములు చచ్చినను, వానిని తిన్న జంతువులు విసర్జించినను, ఆ శేషములలో కొంతభాగము నెమ్మదిగా లోతులకు దిగిపోవును. చీకటిలో సూక్ష్మజీవులు వానిని కుళ్లించి మరల లవణములుగ మార్చును. పొలములో ఆకు రాలినచో ఆ నేలకే ఎరువగును. సముద్రమున రాలిన ఆకు వేయి మీటర్ల లోతునకు జారిపోవును. ఈ విధముగ పైపొర నానాటికి చవుడగుచుండగా అడుగున ఎరువు నిలువ యగుచుండును. పైపొరకు ఎరువు మరల రావలెనన్న ఎవరో ఒకరు సముద్రమును చిలుకవలెను. కుండలో పెరుగున్నంతమాత్రమున వెన్న రాదు; కవ్వము ఆడవలెను.

వెచ్చని సముద్రమున ఈ కవ్వము ఆడుట కష్టము. ఎండకు కాగిన పైనీరు తేలికయై, చల్లని బరువైన అడుగునీటిపై నూనెవలె తేలును. గాలి వీచినను పైపొర మాత్రమే కలియును. ఏడాది పొడుగునను వెలుగున్నది, ఎరువు లేదు. ఉష్ణమండల మహాసముద్రములు పెక్కుచోట్ల అద్దమువలె స్వచ్ఛమైన నీలవర్ణమున నుండుటకు కారణ మిదియే. ఆ నీలవర్ణము చూపునకు ఇంపైనను, ప్లవకములు లేమికి అది గుర్తు.

చలి యను కవ్వము

శీతసముద్రమున శీతకాలము రాగానే పైనీరు చల్లబడి బరువెక్కును. మంచినీటి చెరువు నాలుగు డిగ్రీలకు దిగువ చల్లబడినచో పైనీరు మరల తేలికయగును. సముద్రపు ఉప్పునీరు అట్లు కాదు. గడ్డకట్టువఱకును, అనగా సున్నకు దిగువ సుమారు 1.9 డిగ్రీలవఱకును, చల్లబడినకొలది బరువెక్కుచునే యుండును. బరువెక్కిన నీరు క్రిందికి దిగును, క్రిందినీరు పైకి వచ్చును. దీనికి శీతకాలపు పెనుగాలులు తోడగును. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున కొన్నిచోట్ల ఈ కలయిక వందల మీటర్ల లోతునకు పోవును. శీతకాలాంతమునకు పైపొర ఎరువుతో నిండియుండును.

ఐనను అప్పుడు పంట లేదు, ఏలనన వెలుగు లేదు. పగలు స్వల్పము, సూర్యుడు దిగంతమున వాలియుండును. పైగా నీరు లోతుగ కలియుచున్నందున ప్లవకములు ఎక్కువకాలము చీకటిలోనే గడపును. అవి వెలుగులో సంపాదించినదానికంటె చీకటిలో శ్వాసకు వ్యయపరచున దెక్కువ. రాబడికంటె ఖర్చు మించిన సంసారము వృద్ధిపొందదు. వసంతమున సూర్యుడు పైకెక్కి, పైనీరు కొంచెము వెచ్చబడి, పలుచని పొర ఏర్పడును. ప్లవకములు ఆ పొరలో వెలుగునందే నిలిచిపోవును. ఎరువు సిద్ధముగ నున్నది, వెలుగు వచ్చినది. కొలది వారములలో వందలకొలది కిలోమీటర్ల సముద్రము పచ్చబడును. దీనినే వసంతపు పుష్కలోత్పత్తి యని చెప్పవచ్చును.

ఈ రాబడి ఖర్చుల లెక్కను నార్వే శాస్త్రజ్ఞుడు హరాల్డ్ స్వెర్‌డ్రుప్ 1953లో సూత్రబద్ధము చేసెను. నార్వే సముద్రమున నిలిచియుండిన ఒక వాతావరణ నౌకనుండి సేకరించిన కొలతలు ఆయనకు ఆధారములు. నీరు కలియు లోతు ఒక అవధికంటె తగ్గిననే పంట ప్రారంభమగునని ఆయన సిద్ధాంతము. దీనిపై చర్చ నేటికిని ముగియలేదు. 2010లో మైకేల్ బెరెన్‌ఫెల్డు అను శాస్త్రజ్ఞుడు, శీతకాలమున నీరు లోతుగ కలిసినపుడు మేయుజంతువులకు ప్లవకములు దొరకుట దుర్లభమై, పంటకు పునాది అప్పుడే పడునని వాదించెను. వెలుగు, ఎరువులతోపాటు మేతగాండ్ర సంఖ్యను కూడ లెక్కింపవలెనని ఇందుచే తెలియుచున్నది.

వేసవికి పైపొరలోని ఎరువు తీరిపోవును, పంట తగ్గును. శరత్తున గాలులు తిరిగి వీచి, వెలుగు ఇంకను మిగిలియున్నచోట రెండవ చిన్నపంట పండును. ఖరీఫు, రబీలవలె అక్కడ కూడ కాలనియమము కలదు. చలి ప్లవకముల పెరుగుదలను మందగింపజేయు మాట నిజమే. ఉష్ణోగ్రత హెచ్చినకొలది కణములు త్వరగా విభజింపబడును. కాని తిండి లేని వేగము కంటె తిండి గల నిదానము మేలు.

మంచు క్రింది వెలుగు

ధ్రువప్రాంతములందు వెలుగు మరింత వింతగ వచ్చును: నెలలతరబడి రాత్రి, నెలలతరబడి పగలు. దీనికితోడు సముద్రముపై మంచుకప్పు. మంచుగడ్డకంటె దానిపై పడిన హిమము వెలుగును ఎక్కువగ అడ్డగించును. ఐనను గడ్డల అడుగుభాగమున అంటిపెట్టుకొని కొన్ని శైవలములు బ్రతుకును. 2011 జూలై మాసమున ఉత్తరధ్రువమునకు చేరువనున్న చుక్చీ సముద్రమున అమెరికా పరిశోధకులు ఒక మీటరు మందమున్న మంచుగడ్డల క్రింద సమృద్ధిగ పెరిగిన ప్లవకములను కనుగొని, 2012లో ప్రకటించిరి. గడ్డలపై నిలిచిన కరగునీటి మడుగులు కిటికీలవలె వెలుగును లోనికి పంపినవి.

ఇటీవల ఉత్తరధ్రువ సముద్రమున మంచు తగ్గుచున్నది. 1998 మొదలు 2018 వఱకు అక్కడి వృక్షప్లవకముల ఉత్పాదన నూటికి 57 వంతులు హెచ్చినదని 2020లో వెలువడిన ఒక పరిశోధన తెల్పినది. మొదటి సంవత్సరములలో ఈ వృద్ధికి మంచు తొలగి వెలుగు పెరుగుట కారణము. తరువాతి సంవత్సరములలో ప్లవకముల సాంద్రతయే పెరిగినది. అనగా క్రొత్త ఎరువు కూడ ఎక్కడనుండియో వచ్చుచున్నదని వారి ఊహ. ఆ సముద్రమును గమనించుటకు మన దేశము 2008లో స్వాల్‌బార్డు దీవులలో హిమాద్రి అను కేంద్రమును స్థాపించి, 2014లో అచటి కాంగ్స్‌ఫియోర్డునందు నీటిలో మునిగియుండు పరిశీలన సాధనమును నెలకొల్పినది.

ఇనుము లేని సముద్రము

దక్షిణధ్రువమును చుట్టియున్న మహాసముద్రమున మరియొక చిత్రము కలదు. అచ్చట గాలులు తీవ్రము. అడుగునీరు పైకి వచ్చుచునే యుండును. నత్రజని, భాస్వరములు వేసవియందును మిగిలిపోవుచున్నవి. ఐనను పంట అందుకు తగినంత లేదు. ఇది ఎంతోకాలము సమస్యగ నుండెను. కాలిఫోర్నియాకు చెందిన జాన్ మార్టిన్ 1980 దశాబ్ది చివరి సంవత్సరములలో, ఇచ్చట కొఱవడినది ఇనుమని ప్రతిపాదించెను. ప్రాణవాయువు గల సముద్రజలమున ఇనుము తుప్పుగ మారి అడుగంటును. భూమి దూరమైనందున దుమ్ముతోగూడిన గాలులును తక్కువ. అక్కడి పైనీటిని ఒక లీటరు తీసినచో, గ్రాములో వందకోట్లవంతులు కొన్ని మాత్రమే ఇనుము లభించును. వెలుగు తగ్గినకొలది కణమునకు ఇనుముతో పని హెచ్చునని కూడ తెలిసినది. కావున లోతుగ కలియుచు, మబ్బులు క్రమ్మిన ఆ సముద్రమున వెలుగు కొఱత, ఇనుము కొఱత ఒకదానినొకటి పెంచుకొనుచున్నవి. దక్షిణ జార్జియా, కెర్గెలెన్ వంటి దీవులచెంత మాత్రము తీరభూమినుండి ఇనుము లభించి సముద్రము పచ్చబడుచున్నది.

1999లో దక్షిణ మహాసముద్రమున ఇనుపలవణమును చల్లి చూడగా ప్లవకములు నిజముగనే పెరిగినవి. ఇట్టి ప్రయోగములలో మనవారికిని పాలు కలదు. 2009 జనవరి నుండి మార్చి వఱకు గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థయు, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వేగెనర్ సంస్థయు కలసి, పోలార్‌స్టెర్న్ అను నౌకపై దక్షిణ అట్లాంటిక్ భాగమున ఒక ప్రయోగము చేసినవి. దీనికి లోహమను మాట కలసివచ్చునట్లు లోహాఫెక్స్ అని పేరిడిరి. మన దేశమునుండి డాక్టరు నఖ్వీగారు, జర్మనీనుండి డాక్టరు స్మెటాచెక్‌గారు నాయకులు. 300 చదరపు కిలోమీటర్ల నీటిసుడిలో ఇనుము చల్లగా ప్లవకములు పెరిగినవి. కాని ఆ నీటిలో సిలికా లేదు. కావున పెంకుగల డయాటములు పెరుగలేదు. మెత్తని చిన్న కణములు పెరుగగా కోపిపాడులను జంతుప్లవకములు వానిని మేసివేసినవి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును సముద్రగర్భమునకు పంపవలెనను ఆశ ఇంచుమించు నెరవేరలేదు. ఒక లోటు తీర్చగానే రెండవ లోటు ముందునకు వచ్చినది. 2008లో లండన్ ఒడంబడిక సభ్యదేశములు ఇట్టి చల్లకములు శాస్త్రపరిశోధనకే గాని అన్యప్రయోజనములకు తగవని నిశ్చయించియుండుట సమంజసముగనే కనబడుచున్నది.

తియ్యనీటి మూత

ఇంతవఱకు చదివినవారు, చలియే పంటకు కారణమని తలంపవచ్చును. అదియు పొరపాటే. ఉత్తరధ్రువ సముద్రము ప్రపంచ సముద్రజలములో నూటికి ఒక వంతు మాత్రమే. ఐనను ప్రపంచనదుల నీటిలో సుమారు పదియవ వంతు అందులోనే పడుచున్నది. ఓబ్, యెనిసే, లేనా నదులు తెచ్చిన తియ్యనీరు, కరగిన మంచునీరు తేలికయై పైన మూతవలె నిలుచును. ఆ మూత దళసరిగ నున్న మధ్యభాగములందు, చలి యెంతయున్నను అడుగు ఎరువు పైకి రాదు, పంట స్వల్పము. కావున మూలసూత్రము చలి కాదు, కలయిక. వెలుగును ఎరువును ఒకచోట చేర్చునది ఏదైనను పంట పండించును. వానిని విడదీయునది ఏదైనను పంటను చెరచును.

ఇక మన గోదావరికి వత్తము. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు బంగాళాఖాతమునకు ఏటేట ఇంచుమించు 1.6 లక్షల కోట్ల ఘనమీటర్ల నీరు తెచ్చునని అంచనా. పైగా వర్షము. సామాన్య సముద్రజలమున వేయింటికి 35 పాళ్లు ఉప్పుండగా, వర్షకాలమున ఉత్తర బంగాళాఖాతపు పైనీటిలో 30 పాళ్లకంటె తగ్గును. సైబీరియా నదులు అక్కడ చేసినపనినే మన నదులు ఇక్కడ చేయుచున్నవి. తియ్యనీటి మూతను వర్షకాలపు గాలులు కూడ ఛేదింపలేవు. జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన ప్రసన్నకుమార్‌గారు మొదలగువారు 2001 వర్షకాలమున నౌకపై పరిశీలించి, 2002లో ఈ కారణమునే ప్రకటించిరి. దీనికి మబ్బులు, మట్టినీరు కలిగించు మసక తోడు. ఎరువుకు మూత, వెలుగుకు తెర! మన చేల మట్టి సముద్రమునకు చేరుచున్నది, నిజమే. దానిని తెచ్చు నీరే సముద్రపు సొంత ఎరువుకు అడ్డు నిలుచుచున్నది. ఆ బాలికకు నేను చెప్పని మాట ఇది.

గోదావరి సముద్రమున కలియుచోట కూడ ఇదే పాఠము. విశాఖపట్టణమున గల ఆ సంస్థ ప్రాంతీయకేంద్రమువారి పరిశోధనల ప్రకారము, వరద ఉధృతముగ నున్నపుడు ఎరువు సమృద్ధిగ నున్నను, బురదవలన వెలుగు లేక ప్లవకములు పెరుగవు. వరద తీసి నీరు తేరినపుడే పెరుగును.

అరేబియా సముద్రము దీనికి ఎదురు. వర్షకాలపు పెనుగాలి అక్కడి అడుగునీటిని పైకి తెచ్చును. శీతకాలమున ఉత్తరమునుండి వచ్చు పొడిగాలి పైనీటిని చల్లబరచి ఉప్పదనము పెంచి క్రిందికి దించును. 1996లో డాక్టరు మధుప్రతాప్‌గారు మొదలగువారు నిరూపించిన ఈ విషయమువలన, ఉష్ణమండల సముద్రము సైతము కొన్ని నెలలు శీతసముద్రమువలె ప్రవర్తించునని తెలియుచున్నది.

బంగాళాఖాతము బీదదనుట పోలికలో మాత్రమే. వాల్తేరు తీరమున వర్షకాలమునకు ముందు గాలులు తీరము వెంబడి వీచి పైనీటిని దూరముగ త్రోయగా అడుగునీరు పైకి వచ్చుట కలదు. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా ఆచార్యులు లఫాండుగారు దీనిని పరిశీలించి ప్రకటించిరి. జంతుశాస్త్రాచార్యులు గణపతిగారు, వారి శిష్యులు అక్కడి ప్లవకములను అధ్యయనము చేసిరి. మన తెలుగునాట సముద్రశాస్త్రమునకు పునాది పడినది అప్పుడే. తుపానులు కూడ కవ్వములే. 1999 అక్టోబరున ఒడిషాను ధ్వంసము చేసిన పెనుతుపాను వెనుక సముద్రమున ప్లవకములు హెచ్చుగ పెరుగుట గమనింపబడినది. ఒడ్డున ప్రాణములు తీసిన గాలియే సముద్రమున పంటకు కారణమగుట ప్రకృతి విచిత్రము.

మనకేమి?

సముద్రమునకు ఇంత దూరముననున్న నాందేడువారికి దీనితో పనియేమని అడుగవచ్చును. గాలి వేడెక్కినకొలది సముద్రపు పైనీరు తేలికయై పొరలు బిగియును. ఇది వెచ్చని సముద్రములందు ఎరువును మరింత అడ్డగించును. శీతసముద్రములందు ఒకచోట మంచు తొలగి వెలుగు పెరుగును, ఒకచోట కరగునీటి మూత బలపడును. ఫలితము ప్రతిచోట ఒకటిగ నుండదు. నదిపై ఆనకట్ట కట్టినను, చేలలో ఎరువు మితిమీరి చల్లినను, నీటిలోని మట్టి, సిలికా, నత్రజనుల పాళ్లు మారును. లోహాఫెక్స్ నేర్పిన పాఠము ఇదే: పాళ్లు మారినచో పెరుగు జాతులు మారును. మన నల్లరేగడి చేలనుండి పోవు ప్రతి చినుకునకును కాకినాడ, నర్సాపురము తీరముల బెస్తవారితో సంబంధము కలదు.

హైదరాబాదున 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఉపగ్రహములు చూపు సముద్రపు ఉష్ణోగ్రతను, పత్రహరితపు వన్నెను పరిశీలించి, చేపలు లభింపగల తావులను తెలుగున సైతము జాలరులకు తెలుపుచున్నది. వెలుగు, ఎరువు కలియుచోటును వెదకి చెప్పుటయే ఆ సేవ. మా పిల్లలలో ఒకరైనను అట్టిచోట పనిచేయుదురని ఆశించుట అత్యాశ కాదనుకొందును.

ఆ బాలిక చదువు ముగించుకొని వెళ్లిపోయినది. గడచిన సంవత్సరము వరదకాలమున మరల అదే ప్రశ్న మరియొక విద్యార్థి అడిగెను. ఈసారి నల్లబల్లపై ఒక కుండ గీసి, పైన వెలుగనియు, అడుగున ఎరువనియు, నడుమ మూతయనియు వ్రాసితిని. "మరి మూత తీసేదెవరు సార్?" అని వాడు అడిగెను. గాలి, చలి, తుపాను అని చెప్పితిని. వాడు ఆ మూడు మాటలను తన నోటుపుస్తకమున వ్రాసికొనెను.